ఫేజు మార్చిన చప్పుడు

మా ఇంటి మీటరు పెట్టె పక్కన ఫేజు మార్చే స్విచ్చు ఒకటుంది. చేత్తో పట్టి తిప్పితే టక్కుమంటుంది. ఇవాళ మధ్యాహ్నం అమ్మ దాన్ని తిప్పింది. ఆ చప్పుడు వినగానే నాకు కోదమ్మత్త గుర్తొచ్చింది, ఆమె చేతులకు ఎప్పుడూ ఉండే మోటారు వార్నిషు వాసనతో సహా.

కోదమ్మత్త మా నాన్న చెల్లెలు. మామయ్య పోయాక తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆయన మోటారు వైండింగు కొట్టు మూసేయమని అందరూ అంటే, తాళంచెవి కొంగున ముడేసుకుని తానే వెళ్లి కూర్చున్న మనిషి. ప్లస్ టూ సెలవుల్లో నేనక్కడే ఉన్నాను. ఓసారి తిరగని మోటారుకు కండెన్సరూ బేరింగూ రెండూ మార్చేసి, తిరిగిందని మురిసిపోయాను.

"రెండిట్లో ఏది చెడింది?" అంది అత్త.

"తెలీదత్తా."

"అయితే నువ్వు బాగుచేయలే పాపా. అది దానిపాటికి తిరగతా ఉండాది. పాతవి మళ్లా ఎయ్యి. ఒగ తూరికి ఒగటే మార్చాల."

ఏడుస్తూనే విప్పాను. ఆ రోజు ఆమె మీద నాకు ఒళ్లు మండిపోయింది.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, విరుదునగరంలో మా ఇంటికి ఇంటర్నెట్టు వచ్చింది. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు హెడ్‌ఫోనులో విని ఇంట్లోనే టైపు చేసి పంపే పని నాకు దొరికింది. రెండు వారాలు పరీక్ష. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ నాన్న మగ్గాలకు నూలు చుట్టడమే. ఫోను లైను ముందు గదిలో, యూపీఎస్ బ్యాటరీ పెట్టిన నా కంప్యూటరు వెనక గదిలో, మధ్యలో మరమగ్గాల షెడ్డు. అందుకని రెండు చిన్న పెట్టెలు తెప్పించాను. రెండు గదుల ప్లగ్గుల్లో చెరొకటి పెడితే, గోడలోని కరెంటు వైరు మీదుగానే ఇంటర్నెట్టు వస్తుంది. రెండూ కలిస్తే పచ్చ దీపం వెలుగుతుంది. వెలిగింది గానీ నిలవలేదు. రోజూ పగలు ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోయేది, సాయంత్రానికి తానే వెలిగేది. ఫోను లైను చూడవచ్చినాయన లైను బాగుందన్నాడు. నేను పెట్టెలు, ప్లగ్గులు, వైర్లు అన్నీ ఒకేసారి పీకి మార్చాను, అత్త చెప్పిందంతా గాలికొదిలేసి. రెండుసార్లు పని ఆలస్యంగా వెళ్లింది. మూడోసారీ ఆలస్యమైతే ఇక పని ఇవ్వమని రాశారు. అప్పుడు అత్తకు ఫోను చేశాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఇంటర్నెట్టంటే ఏమిటో ఆమెకు తెలియదు. "దీపం పొయ్యేటప్పుడు ఇంట్లో ఇంకేం జరగతా ఉండాది?" అని మాత్రం అడిగింది. మగ్గాలే కారణమని నేను ఖాయంగా చెప్పాను.

"అయితే నిలిపి సూస్తాం. నువ్వేదీ ముట్టుకోవద్దు."

నాన్న సణుక్కుంటూనే నాలుగు మగ్గాలూ ఆపాడు. పట్టపగలు మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెన్నడూ ఎరగను. ఇద్దరం దీపం ముందు కూర్చున్నాం. అరగంటైనా అది ఆరలేదు. చూశావా, మగ్గాలే అనబోయాను. టక్. ఫ్యాను ఒక్క క్షణం తడబడి జోరందుకుంది. పచ్చ దీపం ఆరిపోయింది.

లేచి వెళ్లి చూస్తే మీటరు పెట్టె దగ్గర అమ్మ. చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది. మగ్గాల కోసం మా ఇంటికి మూడు ఫేజుల కరెంటు. ఓల్టేజీ తగ్గితే వెనక గదిని ఇంకో ఫేజుకు తిప్పుకోవడం అలవాటు. ముందు గది మాత్రం ఎప్పుడూ ఒకే ఫేజు మీద ఉండేది. అమ్మ తిప్పగానే రెండు పెట్టెలూ వేర్వేరు ఫేజుల్లో పడి విడిపోతున్నాయి, సాయంత్రం వెనక్కి తిప్పగానే మళ్లీ కలుస్తున్నాయి. ఇన్నాళ్లూ మగ్గాల మోతలో ఆ టక్కు మాకు వినబడలేదు.

"ఫేను మెల్లగా తిరగతా ఉండె. చెవులకి అది తగిలించుకోని ఉక్కలో వేగిపోతా ఉండావే, గాలన్నా బాగా రానీ అని..." అంది అమ్మ.

నీవల్లేనా ఇదంతా, అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అత్త నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేలా.

"తప్పు యాడుందో దొరికె గదా పాపా. ఇంగ మనిషిని ఎతకొద్దు."

తర్వాత మెయిను ఆపి, నా ప్లగ్గు వైరొక్కటి ముందు గది ఫేజుకు మార్చింది. ఫ్యాను వైరు జోలికి పోలేదు. మెయిను వేసి, "ఇప్పుడు తిప్పు వదినా" అంది. అమ్మ జంకింది. "ఏం కాదు, తిప్పు." టక్. ఫ్యాను జోరు మారింది. దీపం ఆరలేదు. ఆ రోజు పని వేళకు ముందే పంపాను. ఉద్యోగమూ నిలిచింది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. పెట్టెలూ ఇప్పుడు లేవు. ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తారు. ఏదైనా చెడితే "ఎవరు చేశారు" అనే నా నోరు ముందు తెరుచుకుంటుంది, అప్పుడు నా మణికట్టు నేనే పట్టుకుంటాను.

ఇవాళ స్విచ్చు తిప్పాక అమ్మ నా గదిలోకి తొంగిచూసి, "గాలి వస్తా ఉండాదా పాపా?" అంది. నీవల్లేనా అన్న మాట నేను ఆ రోజు అనేసి ఉంటే, అమ్మ ఆ స్విచ్చు మళ్లీ ముట్టుకునేది కాదు.