పద్నాలుగు శాతం తేమ

2023లో నేను కంకిపాడు దారిలోని ఒక చిన్న ఆయుర్వేద మందుల కంపెనీలో క్వాలిటీ కెమిస్టుగా ఉన్నాను. గంజాయి మొక్క ఆకుతో నొప్పి మాత్రలు తయారు చేయడానికి మాకు లైసెన్సు ఉండేది. ఆకు గదికి రెండు తాళాలు, బస్తా బస్తాకూ ఒక నంబరు. తూచిన ప్రతి గ్రామూ రిజిస్టరులో ఎక్కాలి.

ఆగస్టు ముసురులో ఒక బస్తా వచ్చింది. ఇరవై కిలోలు తూగింది. లాస్ ఆన్ డ్రయింగ్ పరీక్ష చేశాను. అంటే ఆరబెడితే ఎంత బరువు తగ్గుతుందో చూడడం. తేమ పద్నాలుగు శాతం. రిజిస్టరులో దానికి గడి లేదు. విడి కాగితం మీద రాసుకున్నాను, సంతకం పెట్టలేదు.

మరుసటి మే నెలలో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చారు. ఇంకా వాడకానికి తీయని అదే బస్తా పద్దెనిమిది కిలోల ఆరువందల గ్రాములే తూగింది.

“తేమ సగం ఆరిపోయిందండీ,” అని కాగితం చూపించాను.

“సంతకం లేని కాగితం ఎవరైనా రాసుకోవచ్చు. ఎలుకలు తినేశాయనలేదు, నయం,” అని ఆయన గదికి సీలు వేశారు. తయారైన మాత్రలూ లోపలే ఉండిపోయాయి.

మర్నాడు మాస్టారు వచ్చారు. రిటైరయిన టీచరు. భార్యకు క్యాన్సరు. మా డాక్టరు చీటీ మీద వారం వారం మాత్రలు తీసుకెళ్లేవారు. అవి వేసుకుంటేనే ఆవిడకు నిద్ర.

“కిటికీలోంచి కనపడుతూనే ఉన్నాయి కదా బాబూ. ఒక్క స్ట్రిప్పు.”

“సీలు తీస్తే నేరం మాస్టారూ.”

“నాకు తెలీదా? ముప్పయ్యేళ్లు పిల్లలకి సివిక్స్ చెప్పినవాణ్ణి. ఇంటికెళ్లి ఆవిడకేం చెప్పనో అది చెప్పు.”

ఆయన్ని మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు వేరే మందు రాసిచ్చారు. అది పనిచేయలేదు.

బస్తా వచ్చిన రోజే గాలి చొరని సీసాలో దాచిన శాంపిలును, బస్తాలోని ఆకును ప్రభుత్వ ల్యాబు పోల్చి చూసింది. తగ్గింది తేమేనని తేలి సీలు తీసేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ సాయంత్రమే మాత్రలు నేనే మాస్టారింటికి తీసుకెళ్లి ఇచ్చాను.

జులైలో ఆయన మళ్లీ వచ్చి, కవరు నా బల్ల మీద పెట్టారు. అందులో ఐదు మాత్రలు.

“ఆవిడ పోయింది బాబూ. మిగిలితే మీకే ఇచ్చెయ్యాలన్నారుగా. చూసుకో.” గుమ్మం దాకా వెళ్లి ఆగారు. “ఆ పదకొండు రోజులు తప్పితే బాగానే నిద్రపోయింది.”

ఐదు మాత్రలూ తిరిగొచ్చినట్టు రాసి, సంతకం పెట్టాను. తర్వాత స్కేలు తీసుకుని, రిజిస్టరులో బరువు పక్కన తేమకు ఒక గడి గీశాను. అది ఏ ఫారంలోనూ లేదు. గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని బస్తా వచ్చిన ఆగస్టులోనే నాకు తెలియాల్సింది.