తెరంతా పచ్చగానే ఉంది

2005లో నేను హిందూపురంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరాను. పేరు పెద్దదే గానీ, ఆ ఆఫీసులో కంప్యూటర్‌ను చూసి భయపడనివాణ్ని నేనొక్కణ్నే, అంతే. షావుకారుకు పెనుకొండలో అంగడి, ధర్మవరంలో మగ్గాలు ఉండేవి. చీరల డిజైన్లన్నీ హిందూపురం సర్వర్‌లో, అంటే అందరికీ ఫైళ్లు అందించే కంప్యూటర్‌లో, ఉండేవి. ధర్మవరంలో వాటిని దించుకుని, మగ్గానికి కట్టే జాకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఆ రంధ్రాలను బట్టే చీర మీద డిజైన్ పడుతుంది. సర్వర్ ఆగితే అట్టలు ఆగేవి, ఆ వెనకే మగ్గాలూ ఆగేవి.

హిందూపురంలో మాకు దానితో పెద్దగా పని లేదు కాబట్టి, అది మూలనపడ్డ సంగతి ధర్మవరం నుంచి ఫోనొస్తేనే తెలిసేది. అక్కడ అట్టల పనీ, నేసిన చీరల తనిఖీ చూసే నాగరత్నక్క ఫోన్ చేసి, "ఏమప్పా, మీ పెట్టె ఉండాదా, పోయినాదా?" అని అడిగేది. మూడోసారికి షావుకారుకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఆమెకే ముందు తెలిస్తే గోరంట్ల బస్సెక్కమన్నాడు. గోరంట్ల మా ఊరు. కొడుక్కి కంప్యూటర్ ఉద్యోగమొచ్చిందని నాయన అక్కడ చెప్పని గడప లేదు.

అప్పుడు పట్టుకున్నాను మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ను. అది నిమిషానికోసారి సర్వర్‌ను "ఉన్నావా?" అని పలకరిస్తుంది. దాన్ని పింగ్ అంటారు. పలికితే తెర మీద పచ్చ, పలకకపోతే ఎరుపు, దాంతోపాటు మన మొబైల్‌కు మెసేజ్. ఆ మెసేజే అలర్ట్. మొదటి వారం సర్వర్ తుమ్మినా దగ్గినా నాకూ షావుకారుకూ అలర్ట్ వచ్చేట్టు పెట్టాను. ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల వేళ షావుకారు జేబు నలభైసార్లు మోగింది. ఆ తర్వాత బుద్ధిగా తగ్గించాను. తెర పచ్చగా కళకళలాడుతుంటే షావుకారు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నా పొగరు గురించి చెప్పక్కర్లేదు.

ఒకరోజు పదకొండింటికి నాగరత్నక్క ఫోన్. పొద్దున్నుంచి ఫైళ్లు రావడం లేదట. నేను తెర చూసి, ఈడ అంతా పచ్చగానే ఉంది, తప్పు మీ లైనుదే అని గట్టిగా వాదించాను. ఆమె ఓపికగా విని, "ఆ తెరలో టైమెంతైంది సూడప్పా," అంది.

తొమ్మిదీ నలభై.

సర్వర్ బిగుసుకుపోయింది. దాని తెర కూడా బిగుసుకుపోయి, ఆ పచ్చదనాన్నే చూపిస్తోంది. ఎందుకంటే నేను సాఫ్ట్‌వేర్‌ను ఆ సర్వర్‌లోనే ఎక్కించాను. అది పోయానని చెప్పాలంటే ముందు బతికుండాలి. సిగ్గుతో చచ్చిపోయాను.

సర్వర్ లేచాక షావుకారు, ధర్మవరం పోయి ఆ యమ్మకే చెప్పుకో, ఆమె వద్దంటే గోరంట్ల బస్సే అన్నాడు. వెళ్లేసరికి నాగరత్నక్క ఒక చీర విప్పి, నేసినతన్ని కాదని పక్కింటి నేతగాణ్ని పిలిచి వెలుతురుకు పట్టిస్తోంది. నా గొడవంతా విని అడిగింది:

"దాన్ని యాడ పెట్టినావు?"

"ఆ సర్వర్‌లోనే అక్కా."

ఆమె చాలాసేపు నవ్వింది. "నేసినోనికే చీర ఇచ్చి తప్పులు సూడమంటే ఏం కనపడ్తాదప్పా? అందుకే పక్కింటోన్ని పిలుస్తాము. నీకు పక్కిల్లు లేదా?"

ఉంది. పెనుకొండ అంగట్లో పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా పడి ఉంది. మర్నాడే సాఫ్ట్‌వేర్ దాంట్లోకి మారింది. పది రోజులకు పెనుకొండలో తెర ఎర్రబడి నా మొబైల్‌కు అలర్ట్ రాగానే నేనే పరుగున ధర్మవరానికి ఫోన్ చేసి, సర్వర్ పోయిందక్కా అన్నాను. సర్వర్ పోయినందుకు నేనంత సంతోషపడటం అదే మొదలు, అదే చివర.

"మంచిదప్పా, నీ ఉద్యోగం నిలబడినట్లే," అంది నాగరత్నక్క. నేను ఫోన్ పెట్టేయబోతుంటే అడిగింది: "అవునూ, ఆ పెనుకొండ పెట్టెను ఎవరు సూస్తాండారు?"

ఇన్నేళ్లలో ఎన్నో సాఫ్ట్‌వేర్లు మార్చాను. కొత్తది పెట్టిన ప్రతిసారీ ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటాను. ఆ రోజు మాత్రం, లైను సరిగ్గా లేదక్కా అని ఫోన్ పెట్టేశాను.