సాంచాల షెడ్డులో ధ్యాస పరీక్ష

నాకు ముక్కు మీదే కోపం. ధ్యాస గురించీ జ్ఞాపకం గురించీ పాఠాలు చెప్పే ప్రొఫెసరమ్మకు ఇంత కోపమేమిటని మా విద్యార్థులు వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ షెడ్డు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కరీంనగర్ దగ్గర ఒక నేత ఊరు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. రోజంతా ఆ చప్పుడులో పనిచేసేవాళ్ల మెదడు దేన్ని పట్టించుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది నా పరిశోధన. పరీక్షల కోసం షెడ్డు యజమాని, అందరూ సేటు అంటారు, వెనక గది ఇచ్చాడు.

ధ్యాస కొలిచే ముందు వినికిడి చూడాలి. సాంచాలు నడిపే ఒక పెద్దమనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాను. ఆయన నా మొఖం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారీ నొక్కలేదు. సాంచాల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అందుకే ఆయనకు చెవులు పోయాయని షెడ్డులో ఎవరూ కనిపెట్టలేదు. పరీక్ష అక్కడితో ఆపేసి, చెవుల డాక్టరుకు చూపించుకోమని చెప్పి పంపాను. సేటు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

మరుసటి వారం వెళ్లేసరికి ఆయన సాంచాల దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఆ పెద్దమనిషేమో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మీ పరీక్షల ఫెయిలయిండు గద మేడం! ధ్యాస లేనోనికి సాంచాలెట్ల ఇస్త?" అన్నాడు సేటు.

"ధ్యాస గాదు, చెవులు! నీ షెడ్డుల నిలవడి నిలవడే పోయినయ్. చెవులూ నీకే ఇచ్చి, పనీ పోగొట్టుకోవాల్నా?"

"ఎట్లయినా చెవిటోని ముంగట శంఖం ఊదుడే గద," అని నవ్వాడు.

ఆ నవ్వుతో నాకు తిక్క రేగింది. చదువు, హోదా అన్నీ పక్కన పెట్టి మా ఊరు ఇచ్చోడలో మా అవ్వ తిట్టే తిట్లన్నీ తిట్టాను. సాంచాలు ఆపేసి జనం బయటికొచ్చారు. వాళ్లను చూసి ఇంకా గొంతు పెంచాను.

అంతలో ఆ పెద్దమనిషి లేచి వచ్చి నా మోచేయి తాకాడు.

"మేడం, జర ఇటు మొఖం పెట్టి తిట్టుండ్రి. నా పని గురించే గద, నేను గూడ ఇనాలె."

సేటుకు వీపు పెట్టి ఆయన వైపు తిరిగాను. మొదటి తిట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాను.