బెయిరా నీళ్ళు తాగింది

అర్రెయ్ కొండల్లో మేత ఎండినప్పుడల్లా వాబేరి వేగు వెళ్ళేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే అతని పని: ఒంటరిగా ముందు నడిచి, నీరూ ఆకూ చూసి, చూసింది చూసినట్టు వచ్చి చెప్పడం. అన్న పోయాక ఆ మాట వినేది వదిన ఫిల్సన్. ఆమెకూ ఇద్దరు కూతుళ్ళకూ ఉన్న ఆధారం ముప్పై నాలుగు మేకలు, ఒక ఒంటె. ఆ యేడు వాన రెండు సార్లు తప్పింది.

"రా మరిదీ! ఆ మొహం ఒంటె నమిలి ఊసినట్టుంది. ముందిది తాగు," అంటూ ఫిల్సన్ పాలముంత అందించింది.

"నీళ్ళున్నాయి వదినా. నల్లలోయలో, రాతి గుంటలో..."

"చాపలు విప్పండే!" ఆమె కూతుళ్ళను కేకేసింది.

అతడు ముంత దించేసరికి గుడిసెకు కప్పిన చాపలు మూడు నేల మీదున్నాయి. ఒకసారి విప్పిన గుడిసెను అదే చోట మళ్ళీ కట్టడం ఆ ఇంట లేదు. అది సమాధి కట్టడంతో సమానమని వారి నమ్మకం.

"ఆగు వదినా, ఇంకా చెప్పలేదు. అక్కడ బెయిరా నీళ్ళు తాగింది."

బెయిరా మేక కంటే చిన్న జింక. చెవులు మాత్రం వెడల్పు. కావలసిన తడి దానికి ఆకుల నుంచే దొరుకుతుంది. అరవై రెండేళ్ళలో అది నీటికి తల వంచగా వాబేరి చూడలేదు. మొన్న ఒక ఆడ బెయిరా మోకాళ్ళ దాకా దిగి, తల ఎత్తకుండా తాగింది. ఆ బెదురులో అతడు వెంటనే వెనుదిరిగాడు. అవతలి గట్టుకు వెళ్ళి ఆకు తుంచి చూడలేదు.

"దాహమేస్తే నీ అనుమతి అడగాలా అది?" ఫిల్సన్ నవ్వింది.

"ఆకులో తడుంటే నీళ్ళ జోలికి రాదు. తూర్పు బావికి పోదాం. మూడు రోజులు. అక్కడ తుమ్మలు పచ్చగా ఉన్నాయట."

"నువ్వు చూశావా?"

"ఒంటెలవాళ్ళు అన్నారు."

"చూడనిది వేగువాడు చెప్పకూడదని నువ్వేగా అంటావు?"

ఒంటె మీద చాపలు ఎక్కాయి.

రెండో రోజు పొద్దున నల్లలోయ చేరారు. నీరు అతడు చెప్పినంతే ఉంది. మేకలు కడుపులు ఉబ్బేదాకా తాగి, గట్టెక్కి పొదల్లో మూతులు పెట్టాయి. మొదటి మేక ఒక రెమ్మ లాగి, నమలకుండా వదిలేసింది. ఫిల్సన్ ఒక ఆకు తుంచి అరచేతిలో నలిపింది. రంగు పచ్చగానే ఉంది. చేతిలో మిగిలింది పొడి.

"ఇక్కణ్ణించి తూర్పు బావి ఎంత దూరం?"

"నాలుగు రోజులు వదినా."

"ఇవి రెండు రోజులే నడుస్తాయి," అంది ఆమె, మేకలను చూస్తూ. చేతిలోని పొడి దులుపుకుని, "దగ్గర్లో ఇంకేదైనా ఉందేమో చూసిరా మరిదీ. ఈసారి ఆకు సంగతి ముందు చెప్పు."

వాబేరి కర్ర తీసుకున్నాడు. గట్టు మీద నిలిచి వెనక్కి చూశాడు. కడుపులో వేసుకోవడానికి మరేమీ లేక, మేకలన్నీ మళ్ళీ గుంటలోకి దిగి నీళ్ళే తాగుతున్నాయి.