బొంబాయి నుంచి వచ్చిన కత్తివీరుడు

పెళ్ళయి జహీరాబాద్ వచ్చేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. అవి అరవైల నడిమి సంవత్సరాలు. మా ఆయన లారీ డ్రైవరు. అల్లం బస్తాలు వేసుకుని బొంబాయి పోతే వారానికో పది రోజులకో తిరిగొచ్చేవాడు. రెండు రోజులుండి మళ్ళీ పోయేవాడు. అత్తమామలు లేరు. పిల్లలు ఇంకా కలగలేదు. సడకు పక్కన రేకుల ఇంట్లో నేనొక్కదాన్నే. ఏ లారీ హారన్ మోగినా వాకిట్లోకి వచ్చి చూసేదాన్ని. మా లారీ కాదని తెలిశాక కూడా కాసేపు అక్కడే నిలబడేదాన్ని. లోపలికి పోయి చేసేదేముంది?

అయిదో తరగతి దాకా చదువుకున్నాను. చదవడానికి ఏదైనా తెమ్మని ఆయన్ను అడిగితే, ఒకసారి బొంబాయిలో పాత కాగితాలు అమ్మే రద్దీ దుకాణం నుంచి ఒక లావు పుస్తకం తెచ్చాడు.

“జపాన్ ఓడ దిగినోళ్ళు పారేసి పోయిన్రట. తెలుగు పుస్తకం అక్కడెక్కడ దొరుకుతది? దీంట్ల అన్నీ బొమ్మలే. చూస్కుంట కూసో,” అన్నాడు.

ముతక కాగితం, నల్ల సిరా బొమ్మలు, పైనుంచి కిందికి రాసిన ఏదో లిపి. నెత్తి మీద కొప్పు, నడుముకు రెండు కత్తులు ఉన్న ఒకడి కథ అది. అలాంటివాళ్ళను సమురాయ్‌లంటారని, ఆ రకం బొమ్మల కథలను మాంగా అంటారని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. అప్పటికి అతడు నాకు కత్తివీరుడు, అంతే.

మన పుస్తకాల లాగే ఎడమ నుంచి తిప్పుకుంటూ పోయాను. మొదట అతడు ఒంటరిగా నడుస్తున్నాడు. తర్వాత గడ్డిలో శవాలు. ఇంకొన్ని పేజీలు తిప్పితే ఆ చచ్చినవాళ్ళే లేచి నిలబడి ఉన్నారు. వీడి కత్తి తాకితే మనుషులు బతుకుతారేమో అనుకున్నాను. ఆఖరి పేజీలో అతడొక ఇంటి ముందున్నాడు, గుమ్మంలో భార్య. ఎన్ని ఊళ్ళు తిరిగినా చివరికి ఇల్లు చేరాడు. ఆ ఒక్క పేజీ కోసం పుస్తకమంతా మళ్ళీ మళ్ళీ తిప్పేదాన్ని.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. భర్త పోయాడు. గల్లీలో ఆడపిల్లలకు ఉర్దూ చెప్పేది కాబట్టి అందరూ ఉస్తానీ మా అని పిలిచేవాళ్ళు. ఒకనాడు మధ్యాహ్నం సూది కోసం వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి నవ్వింది.

“అరె బేటీ, ఉల్టా చూస్తున్నవ్. గిది మా ఉర్దూ కితాబు లెక్క కుడి దిక్కుకెల్లి తెరవాలె.”

“నీకెట్ల తెలుసు ఉస్తానీ మా? జపాన్ భాష వస్తదా?”

“భాషెందుకు? జర చూడు. చచ్చినోడు లేస్తడా? గీ మొఖం మీది గాయం అట్లెట్ల మాయమైతది?”

నా పక్కన కూర్చుని కుడి నుంచి తిప్పింది. అతడు ఇల్లు విడిచి పోతున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ తర్వాత పుస్తకం అయిపోయేదాకా ఆమె మళ్ళీ కనిపించలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఉస్తానీ మా నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలు ఇద్దరం కలిసి చూసేవాళ్ళం, వాదించుకునేవాళ్ళం. కొట్లాట గీయడంలో ఆ బొమ్మలు వేసినాయనకు వంక పెట్టలేం. కత్తి దెబ్బ ఒక్క గీతే. దానికి ముందు మాత్రం గడ్డి వంగడం, మట్టిలో కాలి బొటనవేలు దిగబడడం ఓపిగ్గా గీశాడు. ఊపిరి బిగబట్టి పేజీ తిప్పాల్సి వచ్చేది. కానీ చచ్చేవాళ్ళందరిదీ ఒకటే మొఖం. ఇరవై మంది మీద పడితే ఇరవై మందీ తలా ఒక దెబ్బకు కూలిపోతారు. నాలుగో కొట్లాటకు వచ్చేసరికి నాకు భయం పోయి ఆవలింతలు వచ్చాయి.

“వీడు అన్నం తినడు, పండుకోడు, జ్వరం రాదు. గిదేం మనిషి?” అన్నాను.

“కొట్లాటల కితాబుల అన్నం ముచ్చట ఎవరికి కావాలె?”

“నాకు కావాలె. ఇంటికాడ ఆమె తిన్నదో లేదో ఒక్క బొమ్మన్న గియ్యొద్దా?”

ఉస్తానీ మా చెయ్యి చాపింది. పుస్తకం తన ఒళ్ళో పెట్టుకుని ఒక పేజీ దగ్గర ఆగింది. కొట్లాట అయిపోయాక అతడి మొఖం. కళ్ళు లేవు, నోరు లేదు, అంతా నల్ల సిరా. నేను దాన్ని గీసినాయన బద్ధకం కింద జమకట్టాను.

“మా ఆయన నిజాం ఫౌజుల ఉండె,” అంది మెల్లగా. “లడాయి అయి ఇంటికొచ్చినంక రెండేండ్లు నాతోని సరిగ మాట్లాడలే. ఎండల కూసున్నా మొఖం గిట్లనే ఉండేది. గీ బొమ్మ గీసినోనికి గది తెలుసు బేటీ.”

వానలు మొదలయ్యాక బీదర్ నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. అక్కకు చూపు మందగించింది, ఒక్కదాన్నే వదిలేస్తే ఎట్లా అని తీసుకుపోయింది. పుస్తకం తీసుకుపొమ్మని నేను బతిమాలాను.

“నాకు కానరాదు. నీకాడనే ఉండనీ,” అని బస్సెక్కింది.

పక్కింటికి తాళం పడింది. మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి.

ఆ తర్వాత మా ఆయన వచ్చినప్పుడు, అన్నం తిన్నాక పుస్తకం ముందు పెట్టి, “కుడి దిక్కుకెల్లి తిప్పు,” అన్నాను. కొట్లాటలన్నీ గబగబా తిప్పేశాడు. చివర్లో రెండు పేజీల నిండా ఒకే బొమ్మ ఉంది. మనిషన్నవాడు లేని బాట, దాని మీద వాన. కాగితం దండగని నేనెప్పుడూ దాటేసే చోటు. ఆయన అక్కడ ఆగాడు.

“గిది మంచిగ గీసిండు.”

“ఏముంది దాంట్ల? ఉత్త తొవ్వ.”

“షోలాపూర్ దాటినంక గిట్లనే ఉంటది. ఎంతసేపు పోయినా ఒక్క మనిషి కానరాడు. క్లీనర్ పండుకుంటడు. నేను నాతోనే మాట్లాడుకుంట.”

“ఏం మాట్లాడుకుంటవ్?”

సిగ్గుపడి పేజీ తిప్పబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“ఇంట్ల నువ్వొక్కదానివే ఏం చేస్తున్నవో అని,” అన్నాడు.

పెళ్ళయిన రెండేళ్ళలో అలాంటి మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎక్కడ చాయ్ తాగుతాడో, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ ఎట్లా మొరాయిస్తుందో ఆ సాయంత్రమంతా అడిగి చెప్పించుకున్నాను. తెల్లారి లోడు వేసుకుని పోయాడు. ఇల్లు ఎప్పటిలాగే బోసిపోయింది. చాయ్ పెట్టుకుంటూ, ఈపాటికి నిన్న ఆయన చెప్పిన హుమ్నాబాద్ దాటి ఉంటాడనుకున్నాను.