సత్తయ్య సారూ, బుడగలోని వాడూ

సత్తయ్య సార్‌కు ఉన్న జబ్బు ఒక్కటే, ఎలక్ట్రాన్ గురించి దిగులు. జ్వరమొచ్చిన బిడ్డ గురించి కూడా ఎవరూ అంత బెంగపెట్టుకోరు.

ఆయన సంగారెడ్డిలో ఫిజిక్స్ లెక్చరర్. నేను పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. 1991 సంగతి ఇది. సెలవు దినాల్లో మా కంప్యూటర్ ఖాళీగా ఉండేది. మేనేజర్‌ను బతిమాలి, సార్ తన పీహెచ్‌డీ లెక్కలు అందులో వేసుకునేవారు.

"ద్రవ హీలియం మస్తు సల్లగుంటది రాములూ. అండ్ల ఎలక్ట్రాన్‌ను ఏస్తె, సుట్టున్న పరమాణువులను నూకి, బుడగ చేస్కొని కూసుంటడు. ఆ బుడగ ఎంతుంటదో లెక్క గట్టాలె."

"కూసోనియ్యుండ్రి సార్. మనకేంది పరేషాన్?"

"ఇరుకైతె?"

ఇదీ వరస. ఏసీ గదిలో మఫ్లర్ చుట్టుకుని, "వానికి ఇంతకన్న సలి" అని తాను వణికేవారు. టీ తెచ్చిస్తే తెరవైపు చూసి, తనొక్కడే తాగుతున్నందుకు నొచ్చుకునేవారు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

లెక్క ఆగకుండా నలభై గంటలు నడవాలి. కరెంటు పోతే మళ్లీ మొదటికే. అప్పటికి నాలుగుసార్లు పోయింది. సోమవారం థీసిస్‌కు ఆఖరి రోజు. ఇవ్వకపోతే ఏడేళ్ల రిజిస్ట్రేషన్ రద్దు. ఐదోసారి శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాం. నాకూ ఆ దిగులు అంటుకుంది. కంప్యూటర్ ఫ్యాను చప్పుడు కాస్త మారినా లేచి తెర చూసేవాణ్ని.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, ఇంకో గంట ఉందనగా కరెంటు పోయింది. బ్యాటరీ పది నిమిషాలే వస్తుంది. నేను జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను. సార్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశారు.

"జల్దీ రాండ్రి! లోపట ఒకడు చిక్కుకున్నడు! కరెంటు లేకుంటె ఖతమైతడు!"

నేను జనరేటర్ వేసి, ఊపిరి పీల్చుకుంటూ వచ్చేసరికి, లైన్‌మన్ యాదన్న సైకిల్ మీద దూసుకొచ్చి, గేటు ముందరి స్తంభం మీదికి గబగబా ఎగబాకుతున్నాడు. మనిషి ప్రాణం పోతున్నదని విన్నాడు కదా, ఎవరినీ ఏమీ అడగలేదు.

సార్ కిటికీలోంచి చూశారు.

"రాములూ, జనరేటర్ ఏసే ముందు మెయిన్ తీసినవా?"

"తీసిన సార్... తీసిన అనుకుంటున్న."

మెయిన్ స్విచ్ తీయకపోతే జనరేటర్ కరెంటు వెనక్కి మళ్లి, యాదన్న పట్టుకోబోయే బయటి తీగల్లోకి పోతుంది.

"అనుకుంటున్నవా!"

"సూసొస్త సార్, ఒక్క నిమిషం. యాభై నిమిషాలల్ల అయిపోతది!"

సార్ అప్పటికే పరుగెత్తుతున్నారు. మఫ్లర్ తలుపు గడియకు తగులుకుంటే అక్కడే వదిలేశారు. జనరేటర్ ఆగింది. అప్పటికే అయిపోవచ్చిన బ్యాటరీ రెండు కూతలు కూసి ఊరుకుంది. తెర నల్లబడింది.

వెళ్లి చూశాను. మెయిన్ తీయలేదు. ఆ పీహెచ్‌డీ మళ్లీ నాలుగేళ్లకు గానీ రాలేదు.

తీగ సరిచేసి యాదన్న కిందికి దిగాడు. చెమటలు కక్కుతూ నేరుగా సార్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, లోపట చిక్కుకున్నోడు బతికిండా?"

సార్ అతన్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసుకున్నారు.

"బతికిండు యాదన్నా. జెర సల్లవడినంక ఛాయ్ తాగిపిద్దాం."