వంగ తీసిన మడిలో మళ్లీ వంగ వెయ్యని మా అప్పన్న మావ

నిన్న పొద్దున పదింటికి తమ్ముడి ఫోన్.

"అక్కా, అప్పన్న మావ పోయాడే. నిద్దట్లోనే."

"సరే" అన్నాను. అంతే.

పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేస్తాను. ఫోన్ పెట్టేశాక కూడా విరగని గుండు ఒక పక్కకి, రెండుగా విడిపోయిన బద్ద ఒక పక్కకి వేరు చేస్తూనే కూర్చున్నాను. పక్కనున్నామె "ఏటయ్యిందే?" అని భుజం కదిపితే అప్పుడు లేచాను.

అప్పన్న మావ మా అమ్మకి తమ్ముడు. మందస వైపు, సముద్రం ఒడ్డున మా ఊరు. చిన్నప్పటి నుంచీ చేపల వేటే ఆయన బతుకు.

భుజం పాడయ్యాక డాక్టర్ వల లాగొద్దన్నారు. ఆ తర్వాత ఏడాది పాటు మావ అరుగు మీదే. ఎవరితోనూ మాట లేదు.

చివరికి ఆయన భార్య కాంతమ్మత్తే విసుక్కుంది. "ఊరికే కూకోపోతే పెరట్లో నాలుగు వంగ మొక్కలెయ్యొచ్చు గదా!"

వేశాడు.

మొదటి ఏడాది వీధంతా పంచినా మిగిలాయి. రెండో ఏడు అక్కడే వేశాడు, కాపు తగ్గింది. మూడో ఏడూ అక్కడే. పూత మీదున్న మొక్కలు నాలుగు రోజుల్లో వడలిపోయాయి.

మావ అన్నం మానేశాడు. సముద్రం పోయింది, ఇప్పుడు ఇదీ పోయింది అన్నట్టు కూర్చున్నాడు.

మా అత్తవారిది నందిగాం వైపు, వ్యవసాయం. అక్కడ విన్నదే చెప్పాను. ఒకే పంట ఒకే చోట వేస్తే దాని తెగులు మట్టిలో ఉండిపోతుంది, మడి మార్చాలి మావా అని.

"ఏటే అమ్మీ, మొక్కలకి కూడా ఇల్లు మార్సాలా?" అన్నాడు.

కాసేపటికి తనే, "అవునే. రోజూ ఒకే సోట వలేత్తే సేపెక్కడుంటాది?" అని లేచాడు.

పెరడు నాలుగు మడులు చేశాడు. వంగ, బెండ, తోటకూర, బొబ్బర్లు. బొబ్బర్లు తీసిన మడిలోకి వంగ. అలా ఏటేటా జరుపుకుంటూ పోయేవాడు.

ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు అత్త, వంగ తీసిన మడిలో మిరప నారు వేసేసింది. మావ వచ్చి మొత్తం పీకి వేరే మడిలో నాటాడు.

"వంగా, మిరపా ఒకింటోళ్లేనే! దాని రోగం దీనికీ అంటుద్ది!"

అత్త రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మావే బొబ్బరికాయల్లో ఎండురొయ్యలు వేసి కూర వండాడు. ఉప్పు కషాయం. అత్త ఒక ముద్ద తిని, ఆపుకోలేక నవ్వేసింది. నేనక్కడే ఉన్నాను.

నేను ఊరు చేరాక, నిన్న సాయంత్రానికి అంత్యక్రియలన్నీ అయిపోయాయి. అందరూ ఏడుస్తుంటే నేను మంచినీళ్లు అందించాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఈ రోజు పొద్దున అత్త పెరట్లో నిలబడి ఉంది.

"నారు ఎదిగిపోనాదే అమ్మీ. ఈ యేడు వంగ ఏ మడిలోనో మీ మావ సెప్పనేదు."

నేను ఫోన్ తీసి మావ నంబర్ నొక్కాను.

నిజంగానే నొక్కాను. అలవాటు.

లోపలి గదిలో రింగ్ అయింది. అది ఆగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

తర్వాత మడులన్నీ తిరిగి చూశాం. ఒకదానిలో కోసేసిన బొబ్బర మోళ్లు కనిపించాయి. "ఇదే అత్తా" అన్నాను.

పక్కింటామె మైల కదా అంది.

"మైలని నారు ఆగుద్దా?" అంది అత్త.

ఇద్దరం కూర్చుని నాటాం. ఎండెక్కక ముందే నీళ్లు పోశాం.

సెలవు మావా. నీ మనసుకి ఏ దిగులూ లేకుండా, చల్లగా ఉండు.